భారతోత్సవాల వీధినాటకం

భారతోత్సవాల వీధినాటకం పూర్వపు చిత్తూరు జిల్లా గ్రామాలలో, ద్రౌపదీ ధర్మరాజుల ఆలయాల వద్ద జరిగే మహాభారత ఉత్సవాలలో ప్రదర్శించే జానపద నాటకం. శాంతిపురం మండలం ఉన్న కుప్పం ప్రాంతంలోను, పుంగనూరు, మదనపల్లె పరిసరాలలోను ఈ సంప్రదాయం ఉంది. తమిళనాడులోని తెరుక్కూత్తుకు ఇది దగ్గరి బంధువు. నటులలో చాలామంది వ్యవసాయమో, కూలిపనో చేసుకుంటూ నాటకమాడేవారే.

ఉత్సవ క్రమం

భారతంలోని 18 పర్వాలకు అనుగుణంగా ఉత్సవాలను 18 రోజులు జరపడం వాడుక. కొన్ని ఊళ్ళలో ఈ సంఖ్య మారుతుంది. పగలు హరికథ లేదా పురాణ ప్రవచనం, రాత్రి నాటకం ఉంటాయి. పగలు విన్న కథనే రాత్రి చూస్తారు గనుక చదువురాని వారికి సైతం భారతం సులభంగా బోధపడుతుంది.

శిక్షణ, ప్రదర్శన

పద్యాలు, దరువులు, అడుగులు గురువు వద్ద నేర్చుకుంటారు. ప్రధాన పాత్ర తెర వెనుక నుండి ప్రవేశ దరువుతో వస్తుంది. కిరీటం, భుజకీర్తులు రాజవేషానికి గుర్తులు. హార్మోనియం, మద్దెల, తాళాలు ప్రధాన వాద్యాలు. స్త్రీ పాత్రలను సంప్రదాయంగా పురుషులే ధరిస్తారు. హాస్యగాడు నడుమ నడుమ ప్రేక్షకులతో మాట్లాడుతూ కథను నడిపిస్తాడు.

రంగస్థలం దాటిన ఘట్టాలు

కొన్ని ఘట్టాలకు ఊరే రంగస్థలం. బకాసుర వధలో భీముడు అన్నపు బండితో వీధులలో తిరుగుతాడు. అర్జున తపస్సులో నటుడు పద్యాలు పాడుతూ ఎత్తైన మానును ఎక్కి, పైనుండి నిమ్మకాయలు, పూలు విసురుతాడు. సంతానం కోరే స్త్రీలు వాటిని ప్రసాదంగా స్వీకరిస్తారు. దుర్యోధన వధకు మట్టితో భారీ విగ్రహాన్ని నేలపై మలుస్తారు. భీముడు దాని తొడపై గదతో మోదిన తరువాత ద్రౌపది కురులు ముడుచుకుంటుంది. అనంతరం భక్తులు నిప్పులపై నడుస్తారు.

ప్రాధాన్యం

తెరుక్కూత్తుపై రిచర్డ్ ఫ్రాస్కా గ్రంథం 1990లో వెలువడింది. ద్రౌపది ఆరాధనపై ఆల్ఫ్ హిల్టెబైటెల్ గ్రంథపు తొలి సంపుటం 1988లో వచ్చింది. ఈ రెండూ తమిళ ప్రాంతపు సంప్రదాయాన్ని ప్రపంచ పాఠకులకు పరిచయం చేశాయి. 1997లో కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం జానపద విజ్ఞానాన్ని కూడా అధ్యయనాంశంగా స్వీకరించింది. అయితే ఈ కళ నిలిచేది ప్రధానంగా గ్రంథాలలో కాదు. పద్యాన్ని, రాగాన్ని, అడుగును కలిపి నేర్పే గురువు, నేర్చుకునే యువకుడు ఇద్దరూ ఉండాలి. సినిమా, టెలివిజన్ వచ్చాక వీధినాటకానికి ఆదరణ తగ్గినా, ఉత్సవం మొక్కుబడితో ముడిపడి ఉన్న ఊళ్ళలో నాటకానికి చోటు దొరుకుతూనే ఉంది. ఉత్సవం ఆగిన ఊరిలో మాత్రం ఆ పాత్రలు తెలిసిన తరంతోనే విద్య కూడా అంతరించే ప్రమాదం ఉంది.