ఒడ్డున ఇల్లు, కింద ఇసుక

మా పెద్దమ్మ కూతురు నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో ఉద్యోగం చేస్తోంది. అక్కా బావా అక్కడే సొంత ఇల్లు కొందామనుకుంటున్నారు. వాళ్లకి నచ్చింది సముద్రం దగ్గర్లో ఉండే ఫోగెల్‌వైక్ అనే పేట. మాదేమో కాకినాడ. ఉప్పాడలో సముద్రం ఇళ్లని ఎలా మింగేస్తుందో చూసిన వాళ్లం. అందుకే ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ఆ దేశమే సముద్రం కన్నా కిందుందంటారు, పోయి పోయి ఒడ్డున కొంటారా?" ప్రశ్న న్యాయమైనదే. జవాబు వెతికితే నాకు తెలిసింది ఇది. రేపు మనలో ఎవరైనా అటు వెళ్తే పనికొస్తుందని రాస్తున్నా.

ఒడ్డే ఎత్తు

నెదర్లాండ్స్ నేలలో దాదాపు 26 శాతం సముద్ర మట్టం కన్నా కిందుంది. అయితే ఆ పల్లపు భూములు ఎక్కువగా ఉన్నది ఒడ్డు మీద కాదు, లోపల. పశ్చిమ తీరం పొడవునా ఇసుక దిబ్బలు ఉన్నాయి. దేశాన్ని ఒక అంచున్న పళ్లెం అనుకోండి. ఒడ్డు ఆ పళ్లేనికి అంచు అన్నమాట. అంటే చాలా చోట్ల సముద్రానికి దగ్గరగా ఉన్న ఇల్లే ఎత్తులో ఉంటుంది.

ది హేగ్ నగరం సగం ఇసుక మీద, సగం పీట్ మీద ఉంది. పీట్ అంటే వేల ఏళ్లుగా చెత్తా చెదారం, మొక్కలు నీళ్లలో పేరుకుని తయారైన మెత్తటి నేల. పాతకాలం నుంచీ డబ్బున్న వాళ్లు ఇసుక మీద, కూలీనాలీ చేసుకునే వాళ్లు పీట్ మీద ఉండేవాళ్లు. రెండు వర్గాలకీ రెండు పేర్లు కూడా ఉన్నాయి: ఇసుక వాళ్లు హాగెనార్‌లు, పీట్ వాళ్లు హాగెనేస్‌లు. కాళ్ల కింద మట్టిని బట్టి మనిషికి పేరు!

ఈ తేడా ఇప్పటికీ డబ్బు విషయమే. మెత్తటి నేల మీద పాత ఇళ్లని చాలా చోట్ల చెక్క దుంగలు దింపి, వాటి మీద కట్టారు. దుంగ పూర్తిగా నీళ్లలో ఉన్నంత కాలం బాగానే ఉంటుంది. భూగర్భ జలం దిగిపోయి గాలి తగిలితే బూజు పట్టి కుళ్లుతుంది. పునాది బాగు చేయించాలంటే పదుల వేల యూరోలు అవుతాయి. కాబట్టి పాత ఇల్లు చూడ్డానికి వెళ్తే గదులు లెక్కపెట్టే ముందు, పునాది దేని మీద ఉందో అడగాలి.

ఆ పేటలో అంత ఖరీదు ఎందుకు?

ఫోగెల్‌వైక్ అంటే పక్షుల పేట. వీధులకి ఎక్కువగా పక్షుల పేర్లే. పూరేడు పిట్ట పేరు మీద కూడా ఒక వీధి ఉంది. ఇళ్లు చాలా వరకు రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కట్టినవి. పెద్ద గదులు, వెనక తోట, చుట్టూ చెట్లు. పక్కనే వెస్ట్‌డౌన్‌పార్క్ అనే ఇసుక దిబ్బల ప్రాంతం ఉంది. అది యూరప్ స్థాయి రక్షణలో ఉన్న ప్రకృతి స్థలం కాబట్టి అక్కడ కొత్త కాలనీ లేవదు. కావాలనే వాళ్లు పెరుగుతారు, ఇళ్లు పెరగవు. ఇంక ధర ఎందుకు తగ్గుతుంది?

కొనే పద్ధతి

విదేశీయుడు ఇల్లు కొనకూడదన్న నిషేధం అక్కడ లేదు. ఇళ్లు ఎక్కువగా ఫుండా అనే వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. అందులో రాసిన ధర మొదలు మాత్రమే. మంచి ఇంటికి పోటీ ఉంటే ఎవరెంత రాశారో తెలియకుండానే మనం ఒక అంకె రాసివ్వాలి. ఏజెంట్‌ని మకెలార్ అంటారు. అమ్మేవాడి మకెలార్ అదే ఇంటికి మన తరఫున పనిచేయకూడదు.

నోటిమాట చెల్లదు, ఒప్పందం కాగితం మీద ఉండాలి. సంతకాలయ్యాక కొనేవాడికి మూడు రోజుల గడువు ఉంటుంది. ఆలోపు కారణం చెప్పకుండా వద్దనుకోవచ్చు. అది దాటితే మాత్రం కష్టం. మామూలుగా 10 శాతం డిపాజిట్ గానీ బ్యాంక్ గ్యారంటీ గానీ అడుగుతారు. కాబట్టి "లోన్ రాకపోతే రద్దు" అనే షరతు ముందే రాయించుకోవాలి.

నాకు బాగా నచ్చింది నోటరీ పాత్ర. మన దగ్గర ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు తిరగేసి, లాయర్‌కి చూపించినా గుండె దడే. అక్కడ డబ్బు నేరుగా అమ్మేవాడికి వెళ్లదు, నోటరీ దగ్గరున్న ప్రత్యేక ఖాతాకి వెళ్తుంది. ఆయన కడాస్టర్ అనే భూమి రిజిస్టర్‌లో అప్పులూ జప్తులూ చూసి, దస్తావేజు నమోదయ్యాకే చెల్లిస్తాడు. ఆ రిజిస్టర్ ఎవరైనా చూడొచ్చు. కొద్ది యూరోలు కడితే పక్కింటివాడు ఎంతకి కొన్నాడో కూడా తెలుస్తుంది.

ఇంకో రెండు సంగతులు. అక్కడ బ్యాంకు ఇంటి విలువకి 100 శాతం దాకా లోన్ ఇస్తుంది, కానీ పైఖర్చులు మన జేబులోంచే. సొంతంగా ఉండటానికైతే బదిలీ పన్ను 2 శాతం. 35 ఏళ్లలోపు వాళ్లకి ఒక ధర పరిమితి దాకా ఒకసారి మాఫీ ఉంది. రెండోది, ఇల్లు మనదే అయినా స్థలం మునిసిపాలిటీదై లీజులో ఉండొచ్చు. దాన్ని ఎర్ఫ్‌పాఖ్ట్ అంటారు. లీజు ఎప్పటిదాకా కట్టారో చూడకపోతే తర్వాత ఏడవాలి.

మరి సముద్రం?

భయం ఉత్తదేం కాదు. 1953 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున ఉప్పెన వచ్చి నైరుతి నెదర్లాండ్స్‌లో కట్టలు తెంపింది. ఆ దేశంలో 1,836 మంది చనిపోయారు. దివిసీమ కథలు విన్న మనకి అది ఎలాంటి రాత్రో వివరించక్కర్లేదు. తర్వాత వాళ్లు డెల్టా వర్క్స్ పేరుతో దశాబ్దాల పాటు ఆనకట్టలూ గేట్లూ కట్టారు. 1990లో ఇంకో నిర్ణయం తీసుకున్నారు: తీరరేఖ ఆ ఏడాది ఎక్కడుందో అక్కడే నిలబెట్టాలి. అలలు ఇసుక తీసుకుపోతే, ఓడలతో సముద్రం అడుగునుంచి తవ్వి తెచ్చి మళ్లీ పోయాలి. 2011లో ది హేగ్‌కి దక్షిణాన ఒకేచోట సుమారు 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుక పోశారు. దాన్ని గాలీ అలలే తీరం వెంట సర్దుతున్నాయి.

ఇదంతా ఉచితం కాదు. అక్కడ నీటి బోర్డులు మధ్యయుగాల నుంచీ ఉన్నాయి. వాటికి ఎన్నికలు జరుగుతాయి, ఇల్లున్న ప్రతివాడూ ఏటా పన్ను కడతాడు. ఒక చేదు నిజం కూడా చెప్పాలి. ప్రధాన కట్ట తెగి సముద్రం లోపలికొస్తే మామూలు ఇంటి బీమా ఆ నష్టం ఇవ్వదు. అంటే ఇంటికి అసలు బీమా ఆ ఇసుకే.

ఉప్పాడలోనూ అలలు చేసేది ఇదే పని, ఇసుక తీసుకుపోవడం. తేడా ఎక్కడంటే, అక్కడ పోయిన ఇసుకని తిరిగి తేవడం ప్రభుత్వం ప్రతి ఏడూ తప్పక చేసే పని అయింది. ఇంట్లో వాళ్ల ప్రశ్నకి నా జవాబు ఇదీ: అక్క ఒడ్డున కొంటే భయం లేదని కాదు, ఆ భయాన్ని ఊరంతా కలిసి మోసే చోట కొంటోంది. ఆ నమ్మకంతో కొనొచ్చు. పునాది, లీజు మాత్రం తనే చూసుకోవాలి.