అటు కడలి... ఇటు చిలికా... నడుమ ఇసుక గట్టు

సెలవొచ్చిందంటే బరంపురం, ఛత్రపురం తెలుగువాళ్లకు గోపాలపూర్ బీచో, తారాతారిణి కొండో గుర్తుకొస్తాయి. చిలికా అంటే రంభలోనో, బర్కుల్‌లోనో బోటెక్కి, కాళీజాయి అమ్మవారికి దండం పెట్టుకుని వచ్చేయడమే. సరస్సు అవతలి గట్టు సంగతి చాలామందికి పట్టదు. అసలు చూడాల్సింది అక్కడే ఉంది.

పూరీ జిల్లా సాతపడాలో బోటెక్కితే ముఖద్వారం దగ్గరి ఇసుక దిబ్బల మీద దింపుతారు. నాలుగడుగులు ఎక్కి నిలబడితే చాలు. వెనక నిలకడగా సరస్సు, ముందు హోరెత్తే బంగాళాఖాతం. కాలి చప్పుడు వినగానే ఎర్ర పీతలు బొరియల్లోకి దూరిపోతాయి. దారిలో అదృష్టముంటే ఇరావతి డాల్ఫిన్ల వీపులు నీటిపై తళుక్కుమంటాయి. పిల్లలకు ఇంతకన్నా పెద్ద ఆటస్థలం ఎక్కడుంటుంది?

గట్టుంటేనే సరస్సు

చిలికాను సముద్రం నుంచి వేరుచేసే ఈ ఇసుక గట్టు పొడవు సుమారు 60 కిలోమీటర్లు. ఇది లేకపోతే చిలికా లేదు. అలాగని పూర్తిగా మూసుకుపోయినా ముప్పే. దయ, భార్గవి వంటి మహానది పాయలు ఒండ్రు తెచ్చి సరస్సులో పోస్తాయి. సముద్రమేమో ఒడ్డు వెంబడి ఇసుకను నెట్టుకొస్తుంది. అలా ముఖద్వారం పూడుకుపోయి ఉప్పునీటి రాక తగ్గింది. నాచు, కలుపు అల్లుకున్నాయి. 1981లో రామ్‌సర్ జాబితాకెక్కిన సరస్సు, 1993 నాటికి ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలోకి జారిపోయింది.

చిలికా అభివృద్ధి సంస్థ 2000 సెప్టెంబరు 23న గట్టును కోసి కొత్త ముఖద్వారం తెరిచింది. సముద్రానికి దారి 18 కిలోమీటర్లు తగ్గింది. 1999-2000లో సుమారు 1,750 టన్నులున్న చేపల రాబడి రెండేళ్లు తిరిగేసరికి దాదాపు 12 వేల టన్నులకు చేరింది. 2002లో ప్రమాద పట్టిక నుంచి పేరు తీసేశారు. వలే బతుకైన వేలాది కుటుంబాలకు ఊపిరి వచ్చింది. వారిలో మన భాష మాట్లాడే నోలియాలూ ఉన్నారు. పూరీ పెంటకోట నుంచి గంజాం తీరం దాకా వేట చేసేది వీళ్లే.

ఇసుక ఒకచోట నిలిచేది కాదు. 2019 మే నెలలో ఫణి తుపాను వచ్చినప్పుడు సముద్రం గట్టును తెంచి కొత్త దారులు చేసుకుంది. నిరుడు నడిచిన దిబ్బ ఈ ఏడు అక్కడ ఉంటుందన్న నమ్మకం లేదు.

తీగే కదా అనుకోవద్దు

దిబ్బను పట్టి ఉంచేది సిమెంటు గోడ కాదు. నేల మీద పాకే బాలబంద తీగ, ముళ్ల బంతుల్లాంటి రావణాసురుడి మీసం గడ్డి. గాలికి కొట్టుకొచ్చే ఇసుకను ఇవి ఆపి, వేళ్లతో కట్టేస్తాయి. ఆ తీగలు పీకినా, వాటిపై బండ్లు నడిపినా ఇసుక లేచిపోతుంది. వెనకే కెరటం వస్తుంది. తీర నియంత్రణ నిబంధనలు ఇసుక దిబ్బలను అతి సున్నితమైన మొదటి తరగతిలో చేర్చింది అందుకే.

కాబట్టి కాలిబాట మీదే నడవండి. ప్లాస్టిక్ కవర్లు, సీసాలు బోటులోనే వెనక్కి తెచ్చుకోండి. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమిది, ఇసుకను తవ్వొద్దు. డాల్ఫిన్ కనిపిస్తే వెంట తరమమని బోటువాళ్లను ఒత్తిడి చేయొద్దు. ఇంజను ఆపిస్తే అదే దగ్గరికి రావచ్చు, మరపంకా దెబ్బ తగలదు.

ఎలా వెళ్లాలి?

పూరీ నుంచి సాతపడా సుమారు 50 కిలోమీటర్లు. శ్రీకాకుళం, ఇచ్ఛాపురం వైపు వాళ్లు రైల్లో పూరీ చేరి రోడ్డెక్కొచ్చు. గంజాం వైపు నుంచి సొంత బండిలో వచ్చేవారు పాలూరు, కృష్ణప్రసాద్ మీదుగా జహ్నికుడా చేరితే, బండ్లను కూడా దాటించే ఫెర్రీ ఉంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వలస పక్షులూ అప్పుడే ఉంటాయి.

బోటెక్కే ముందే రేటు, వెళ్లే చోట్లు మాట్లాడుకోవాలి. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కొద్దు. మధ్యాహ్నానికి ఇసుక కాలిపోతుంది. నీళ్లు, టోపీ, చెప్పులు మరవొద్దు. ఆల్చిప్ప పగలగొట్టి ముత్యమంటూ చూపే బేరాలకు లొంగొద్దు. అన్నిటికన్నా ముఖ్యం, ముఖద్వారం దగ్గర నీళ్లలోకి దిగొద్దు. ఆటుపోట్లకు లోపల లాగుడు ఎక్కువ, ఈత వచ్చినవాళ్లకూ పట్టు దొరకదు.

చూసి రండి. కాలిముద్రలు తప్ప మరేమీ వదలకండి. వాటిని గాలే చెరిపేస్తుంది. దిబ్బ మాత్రం మన మనవల దాకా నిలవాలి.