గుడ్డు బజ్జీ – ఒక నీటిబొట్టు

విశాఖ రామకృష్ణా బీచిలో గుడ్డు బజ్జీ తిన్నారా? ఉడికిన గుడ్డుకు కీమా తొడిగి వేయిస్తే ఇంగ్లండువారి స్కాచ్ ఎగ్, హైదరాబాదువారి నర్గీసీ కోఫ్తా. మనం శనగపిండి తొడుగుతాం.

గుడ్డును పది నిముషాలు ఉడికించి, వెంటనే చన్నీళ్ళలో వేయండి. లేకుంటే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి ఆకుపచ్చ వలయం కడతాయి. హాని లేదు, చూపుకే బాగుండదు.

పెంకు తీశాక గుడ్డును గుడ్డతో (నవ్వకండి!) పొడిగా తుడవండి. నూనె సుమారు 180 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమీద ఉంటుంది. నీటిబొట్టు నూనెకన్న బరువు గనుక అడుగుకు దిగి, క్షణంలో ఆవిరవుతుంది. ఆవిరికి నీటికన్న 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. అంతే, నూనె ఎగిసిపడుతుంది! నా ముంజేతి మీద మచ్చ అలా వచ్చిందే. గుడ్డు లోపల చిక్కిన ఆవిరీ అంతే. అందుకే నిలువునా నాలుగు గాట్లు పెట్టాలి. పొయ్యి దగ్గర అమ్మో నాన్నో తప్పక ఉండాలి.

జారుడు పిండిలో ముంచి వేయగానే బుడగలెందుకు? పిండిలోని నీరు ఆవిరై వెళ్తోందన్నమాట. ఆ ఆవిరి తన్నుకొస్తున్నంతసేపూ నూనె లోపలికి అంతగా చొరబడలేదు. తడి ఉన్నంతవరకు పిండి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది. పైపొర ఎండాకే ఎర్రబడుతుంది. కనుక చెవి పెట్టి వినండి. చిటపటలు సన్నగిల్లగానే చట్రంతో తీసేయండి.