తలకొండపాడు నాగమ్మ

1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లివద్ద ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను చరిత్రకారులందరును చెప్పుదురు. ఆ ప్రవాహమునకు ఊటచెలమ మాత్రము ఒంగోలుకు పడమట నలువది మైళ్ళ దూరమున, తలకొండపాడు మాదిగవాడలోని యొక యిల్లు.

ఆ యింటి యజమాని యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వర్తకుడు. గురువుల నాశ్రయించి యోగసాధన చేసినవాడు. బేరముమీద ఏలూరు ప్రాంతమునకు పోయి క్రొత్త బోధ విని వచ్చెను. 1866లో అతనితోపాటు భార్య నాగమ్మయు బాప్తిస్మము పొందినది.

పేరయ్య పేరు పుస్తకములకెక్కినది. నాగమ్మ పేరు ‘అతని భార్య’ అను మాటతో సరి! ఇది న్యాయము కాదు. క్లౌ దొర విధించిన నియమములు మూడు: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను కొలువరాదు. వినుటకు సులువే. కాని ఆదివారపు కూలి పోయినను, ఊరివారు కినిసి పని మాన్పించినను, ఆ పూట కుండలో ఏమి వేయవలెనో చూచుకొనవలసినది ఇల్లాలు. రెండవ నియమమైతే అచ్చముగా పొయ్యి దగ్గరి మాట. మగడొక్కడే మారిన యింట అది ఎన్నాళ్ళు నిలుచును?

1867 జనవరి 1న ఒంగోలు సంఘమేర్పడినప్పుడు సభ్యులెనమండ్రు. ఆ నెలలోనే క్లౌ దొర తలకొండపాడు చింతతోపులో దిగెను. పరిసర గ్రామములనుండి స్త్రీపురుషులు అన్నపు మూటలతో నడచివచ్చిరి. ఐదునాళ్ళలో 28 మంది బాప్తిస్మము పొందిరి. దొర రాకమునుపే వారు విశ్వసించియుండిరి.