మీకు తెలుసా? నిజం చెప్పి టైటిల్ వదులుకున్న రేసర్

సూళ్లూరుపేట నుంచి చెన్నై వెళ్లే హైవే మీద తడ, గుమ్మిడిపూండి దాటాక, రెడ్‌హిల్స్ ఇంకా రాకముందే షోలవరం తగులుతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే ఒకటి అక్కడుంది. దక్షిణాది కార్ల రేసులకు పుట్టిల్లు ఆ రన్‌వేనే అని మీకు తెలుసా? 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చేదాకా మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు రేసులు నడిపింది అక్కడే. ఇంత దగ్గర్లో పెరిగిన ఆట కాబట్టి, ఈసారి ఆ ఆటలో మహామహుల గొప్పలూ మచ్చలూ చెప్పుకుందాం.

మన దేశం నుంచి ఫార్ములావన్‌లో అడుగుపెట్టిన మొదటివాడు కోయంబత్తూరు కుర్రాడు నరైన్ కార్తికేయన్. 2012 మలేషియా రేసులో అతన్ని దాటుతుండగా రెండు కార్లూ తగిలి సెబాస్టియన్ వెటెల్ టైరు పేలింది. తాను చాంపియన్‌నన్న మాట మరిచి, నరైన్‌ను నలుగురిలో చులకన చేసి మాట్లాడాడు వెటెల్. ఆ గుద్దుడుకు అధికారులు నరైన్‌కే పెనాల్టీ వేశారు, నిజమే. అయినా ఆ నోటిదురుసు చాంపియన్‌కు తగింది కాదు.

మైకేల్ షూమాకర్ సంగతి ఇంకా పెద్దది. 1997లో చివరి రేసు స్పెయిన్‌లోని జెరెజ్‌లో. ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉన్న షూమాకర్, తనను దాటుతున్న జాక్ విల్నెవ్ కారును గుద్దాడు. కంకరలో ఇరుక్కుపోయింది అతని కారే. ఆ ఏడాది చాంపియన్‌షిప్ పట్టిక నుంచే అతని పేరు కొట్టేశారు. అదే మనిషి, 2004 డిసెంబర్ 26న సునామీ మన నెల్లూరు తీరాన్నీ, ఎన్నో దేశాల తీరాలనీ ముంచెత్తినప్పుడు బాధితుల కోసం కోటి డాలర్లు ప్రకటించాడు. ఆ కోటి డాలర్లతో జెరెజ్ మచ్చ చెరిగిపోదు. ఆ మచ్చ వల్ల ఈ దానం విలువా తగ్గదు. రెండూ అతని ఖాతాలోనే ఉండాలంటాను.

అయర్టన్ సెనాను దేవుడిలా కొలిచేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. 1989లో జపాన్‌లోని సుజుకాలో సెనా, అలెన్ ప్రాస్ట్ గుద్దుకున్నారు, టైటిల్ ప్రాస్ట్‌కు పోయింది. మరుసటి ఏడాది అదే సుజుకాలో, మొదటి మలుపులోనే, సెనా వేగం తగ్గించకుండా ప్రాస్ట్ కారు మీదికి పోనిచ్చాడు. ఇద్దరూ బయటికి, టైటిల్ సెనాకు. అది కావాలని చేసిందేనని ఏడాది తర్వాత తనే ఒప్పుకున్నాడు. ప్రాణాలు పోయే వేగంలో చేసిన పని అది. నేను దాన్ని ఎప్పటికీ సమర్థించలేను.

మరి 1992లో బెల్జియంలోని స్పాలో ఏం జరిగింది? ప్రాక్టీసులో ఎరిక్ కోమాస్ కారు గోడకు కొట్టుకుని ట్రాక్ మధ్యలో ఆగింది. అతను స్పృహ తప్పాడు, కాలు మాత్రం యాక్సిలరేటర్ మీదే ఉంది, ఇంజన్ గోల పెడుతోంది. ఏ క్షణాన మంటలు లేస్తాయో తెలియదు. వెనక వస్తున్న సెనా కారు ఆపి, దిగి, ట్రాక్ మీదే పరుగెత్తి ఆ ఇంజన్ ఆపేశాడు. డాక్టర్లు వచ్చేదాకా కోమాస్ తల కదలకుండా పట్టుకున్నాడు. 1994 మే 1న ఇమోలాలో సెనా చనిపోయాక, సావోపాలోలో అతని శవపేటిక మోసినవాళ్లలో ప్రాస్ట్ కూడా ఉన్నాడు.

వీళ్లందరికంటే ముందు, 1958లో, స్టిర్లింగ్ మాస్ ఉన్నాడు. ఆ ఏడాది టైటిల్ పోటీ మాస్‌కూ మైక్ హాథార్న్‌కూ మధ్య. పోర్చుగల్‌లోని పోర్టోలో మాస్ గెలిచాడు, హాథార్న్ రెండోవాడు. అయితే చివర్లో హాథార్న్ కారు ఆగిపోతే, పల్లంలోకి దొర్లించి స్టార్ట్ చేసుకున్నాడు. రేసుకు ఎదురు దిశలో నడిపాడంటూ అధికారులు అతన్ని తప్పించబోయారు. మాస్ నోరు మూసుకుంటే చాలు. కానీ తనే వెళ్లి సాక్ష్యం చెప్పాడు: హాథార్న్ కారు ట్రాక్ మీద లేదు, ఫుట్‌పాత్ మీద ఉంది, కాబట్టి తప్పు కాదు అని. హాథార్న్‌కు 7 పాయింట్లు నిలిచాయి. సీజన్ ముగిసేసరికి హాథార్న్ 42, మాస్ 41. నాలుగు రేసులు గెలిచినవాడు ఓడాడు, ఒక్కటి గెలిచినవాడు చాంపియన్ అయ్యాడు. హాథార్న్ కొన్ని నెలలకే, 1959 జనవరిలో, రోడ్డు ప్రమాదంలో పోయాడు. మాస్‌కు ఆ తర్వాత కూడా టైటిల్ రాలేదు.

ఇంత ధర్మం తెలిసిన మాస్, 2013లో, ఫార్ములావన్ రేసు గెలిచేంత మనోబలం ఆడవాళ్లకు లేదన్నాడు. ఆయన సొంత చెల్లెలు పాట్ మాస్, యూరప్‌లోకెల్లా కఠినమైన ర్యాలీల్లో ఒకటైన లీజ్–రోమ్–లీజ్‌ను 1960లో మగవాళ్లందరినీ ఓడించి గెలిచింది.