జాజ్ బాలబృందములు

వ్రాసియున్న స్వరములను చూచి వాయించుట ఒక నేర్పు. విన్నదానిని మనసున నిలుపుకొని, తన భావమున కనుగుణముగా విస్తరించి వాయించుట వేరొక నేర్పు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో పుట్టిన జాజ్ సంగీతమునకు ఈ రెండవ నేర్పే ప్రాణము. దానిని బాలబాలికలకు అలవరచుటకై అచ్చటి పెద్దలు చేసిన కృషి తెలిసికొనదగినది.

జాజ్ సంగీతము ఇరువదవ శతాబ్ద ప్రారంభమున లూసియానా రాష్ట్రములోని న్యూ ఆర్లియన్సు నగరమున రూపుదాల్చెను. ఆఫ్రికా నుండి బానిసలుగా తేబడిన ప్రజల సంతతివారు తమ తాళగతులను, పనిపాటలను, ప్రార్థనా గీతములను ఐరోపా వాద్యములతో మేళవించి దానిని సృష్టించిరి. ఇందు మొదట అందరును కలిసి ఒక పాటను వాయింతురు. పిమ్మట ఒక్కొక్కరే ముందునకు వచ్చి, ఆ పాట నడకను, తాళమును విడువక, అప్పటికప్పుడు క్రొత్త స్వరములు కల్పించి వినిపింతురు. మన విద్వాంసులు కల్పనస్వరములు పాడునపుడు చూపు మనోధర్మము వంటిదే యిది. తక్కినవారు ఆ సమయమున అతనికి ఆధారముగా నడతురు. కొన్నివేళల వాద్యముతోనే బదులు పలుకుదురు. కావున జాజ్ నేర్చు బాలుడు తన వాద్యమును వాయించుటయే గాక, తోటివాని వాద్యమును వినుట కూడ నేర్వవలెను.

న్యూ ఆర్లియన్సులో ఈ విద్యకు వీథియే తొలి పాఠశాల. పండుగలకును, శవయాత్రలకును ఇత్తడి వాద్యబృందములు ఊరేగును. శ్మశానమునకు పోవునపుడు విషాద గీతములను మెల్లగా వాయించి, మరలునపుడు ఉల్లాసమైన పాటలు వాయించుట అచ్చటి ఆచారము. మేళము వెనుక నాట్యమాడుచు నడచు జనమును 'రెండవ వరుస' యందురు. బాలురు ఆ వరుసలో నడచుచు పాటలను చెవులతోను, తాళమును కాళ్ళతోను నేర్చుకొనిరి.

అట్టివారిలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకడు. అతడు 1901లో నిరుపేద కుటుంబమున జన్మించెను. 1912 డిసెంబరు 31వ తేది రాత్రి, నూతన సంవత్సర సంబరములలో పిస్తోలు పేల్చినందులకు రక్షకభటులు అతనిని పట్టుకొనిరి. న్యాయస్థానము అతనిని నల్లజాతి అనాథ బాలుర గృహమునకు పంపెను. అచ్చట పీటర్ డేవిస్ అను ఉపాధ్యాయుడు బాలుర వాద్యబృందమును నడుపుచుండెను. ఆయన మొదట ఈ బాలుని నమ్మలేదు. కొంతకాలము గడచిన పిమ్మట కంజిరవంటి టాంబురీన్‌ను అతని చేతికిచ్చెను. తరువాత డోలు, బ్యూగిల్, తుదకు కార్నెట్ ఇచ్చెను. బాలుడు క్రమముగా ఆ బృందమునకే నాయకుడయ్యెను. 1914లో విడుదలైన పిదప జో ఆలివర్ అను ప్రసిద్ధ వాద్యకారుడు అతనిని చేరదీసి, పాఠములు చెప్పి, తన పాత కార్నెట్‌ను బహూకరించెను. 1922లో తన బృందమున వాయించుటకు షికాగోకు పిలిపించుకొనెను. దారి తప్పిన బాలుడు జగత్ప్రసిద్ధుడైన కళాకారుడయ్యెను.

షికాగోలో ఈ విద్య ఉన్నత పాఠశాలలలో పాదుకొనెను. డూసేబుల్ ఉన్నత పాఠశాలలో వాల్టర్ డయట్ అను ఉపాధ్యాయుడు సంగీతము నేర్పెను. క్రమశిక్షణ విషయమున ఆయన మిక్కిలి కఠినుడు. సాధన లోపించినచో క్షమించెడివాడు కాడు. అయినను వాద్యముల కొరకు ధనము చాలనపుడు, విద్యార్థులచేతనే ఏటేట వినోద ప్రదర్శనలు చేయించి, వచ్చిన సొమ్ముతో బృందమును నిలిపెను. నాట్ కింగ్ కోల్, డైనా వాషింగ్టన్, జానీ గ్రిఫిన్ మున్నగు ప్రసిద్ధులు ఆయన శిష్యులే.

ఇంతలో న్యూ ఆర్లియన్సులోనే ఈ కళకు క్షీణదశ ప్రాప్తించెను. 1960 దశకాంతమునకు వీథి బృందములలోని వాద్యకారులు వృద్ధులైరి; వారి స్థానమును గ్రహించు యువకులు అరుదైరి. న్యూయార్కులో చిరకాలము పనిచేసి 1965లో స్వస్థలమునకు మరలివచ్చిన డానీ బార్కర్ అను బాంజో, గిటారు విద్వాంసుడు ఈ స్థితిని గుర్తించెను. ఆయన 1970 ప్రాంతమున ఫెయిర్‌వ్యూ బాప్టిస్టు చర్చి పక్షమున బాలుర వాద్యబృందమును స్థాపించెను. అప్పటికి పండ్రెండేండ్ల ప్రాయమున నున్న లెరాయ్ జోన్స్ అను ట్రంపెట్ వాదకుడు దానికి నాయకుడు. బార్కర్ వారికి పాత పాటలను నేర్పుటయే గాక, వాటి చరిత్రను, పూర్వ విద్వాంసుల కథలను చెప్పుచుండెను. ఊరేగింపున నడచు తీరును, దుస్తుల యందు పాటింపవలసిన శుభ్రతను కూడ నేర్పెను.

బృందమునకు పేరు వచ్చినకొలది ఆక్షేపణలును వచ్చెను. బాలురు తమ జీవనోపాధికి అడ్డు వచ్చుచున్నారని కొందరు వృత్తి వాద్యకారులు భావించిరి. బార్కర్ తానే తొలగిపోయెను. కాని గురువు తొలగినను విద్య తొలగలేదు. లెరాయ్ జోన్స్ 1974లో తన తోటివారితో హరికేన్ బ్రాస్ బ్యాండు అను బృందమును నెలకొల్పెను. ఫెయిర్‌వ్యూ బృందమున బాల్యమున వాయించిన వింటన్ మార్సాలిస్‌కు 1997లో సంగీత రచనకు పులిట్జరు బహుమతి లభించెను. జాజ్ రచనకు ఆ బహుమానము లభించుట అదియే ప్రథమము. బార్కర్ 1994లో మరణించెను.

అనాథ గృహము, పాఠశాల, చర్చి, వీథి అనునవి వేర్వేరు స్థలములు. కాని అన్నింటను జరిగినది ఒక్కటే: ఒక పెద్దవాడు ఒక బాలుని చేతిలో వాద్యమునుంచి, అతడు తప్పులు వాయించుచున్నను ఓపికతో వినెను. ఏ కళయైనను ఒక తరము నుండి మరియొక తరమునకు సాగుట ఇట్టి ఓపిక వలననే.