సమాజశాస్త్రాన్ని ఎంచుకోవడం - ప్రాతిపదికలు: హనుమాన్ జంక్షన్ పరిసరాల ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
డిగ్రీలో సమాజశాస్త్రాన్ని ప్రధానాంశంగా తీసుకోవాలా వద్దా అనే నిర్ణయం సాధారణంగా మార్కులు, సీట్లు, ఉద్యోగావకాశాల లెక్కతో జరుగుతోంది. ఆ శాస్త్రం ఎటువంటి ప్రశ్నలు అడుగుతుందో, ఎటువంటి శ్రమను కోరుతుందో తెలుసుకున్న తరువాత చేయవలసిన నిర్ణయమది అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. కృష్ణా డెల్టా అంచున ఉన్న హనుమాన్ జంక్షన్ పరిసరాలలోని కౌలు వ్యవస్థను, గురజాడ 'కన్యాశుల్కం' ముందుమాటలోని వివాహాల జాబితాను ఉదాహరణలుగా గ్రహించి విషయాన్ని వివరిస్తుంది.

కీలక పదాలు: సమాజశాస్త్రం, ఉన్నతవిద్య, ప్రధానాంశం, కౌలు, కన్యాశుల్కం, కృష్ణా డెల్టా.

1. ఉపోద్ఘాతం:
విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి మీద, కృష్ణా జిల్లా బాపులపాడు మండలంలో హనుమాన్ జంక్షన్ ఉంది. ఇక్కడి నుంచి ఒక దారి నూజివీడు మామిడితోటల వైపు, మరొక దారి గుడివాడ వరిపొలాల వైపు సాగుతుంది. మెట్ట, పల్లం కలిసే చోటిది. సమీపంలోని నూజివీడులో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక, సాంకేతిక విశ్వవిద్యాలయ ప్రాంగణం పదవ తరగతి మార్కుల ఆధారంగా విద్యార్థులను ఆరేళ్ళ ఇంజనీరింగ్ చదువులోకి తీసుకుంటుంది. అందువల్ల ఈ ప్రాంతపు ఇళ్ళలో పిల్లల చదువు గురించిన ఆలోచన పదవ తరగతిలోనే ఇంజనీరింగ్ చుట్టూ తిరగడం మొదలవుతుంది. ఆ చర్చలో సమాజశాస్త్రం పేరు వినిపించినా, మిగిలినవేవీ అందనివారు చేరే చదువుగానే వినిపిస్తుంది.

ఈ నిర్ణయానికి ఇటీవల బరువు పెరిగింది. గతంలో బి.ఏ. విద్యార్థి మూడు ఐచ్ఛికాలలో ఒకటిగా సమాజశాస్త్రాన్ని చదివి, అది రుచించకపోతే మిగిలిన రెండింటిలో ఒకదాని మీద పై చదువుకు వెళ్ళగలిగేవాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 విద్యా సంవత్సరంలో ఏక ప్రధానాంశ పద్ధతి వచ్చిన తరువాత ఆ వెసులుబాటు తగ్గింది. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులో చేసే ఎంపికే ఆ తరువాతి చదువుకు దారి నిర్ణయిస్తోంది.

2. పేరులోని చిక్కు:
బడిలో 'సాంఘిక శాస్త్రం' పేరుతో బోధించేది చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రాల సముదాయం. 'సామాజిక శాస్త్రాలు' అనేది ఒక జ్ఞానశాఖల కుటుంబానికి పేరు. 'సమాజశాస్త్రం' ఆ కుటుంబంలో ఒక సభ్యురాలు మాత్రమే. 'సోషల్ వర్క్' వృత్తిశిక్షణకు సంబంధించిన మరొక కోర్సు. ఈ నాలుగూ వాడుకలో ఒకదానికొకటి పర్యాయపదాలుగా చెలామణి అవుతున్నాయి. ఇంటర్మీడియట్‌లో ప్రచారంలో ఉన్న ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ గ్రూపులలో దేనిలోనూ సమాజశాస్త్రం లేదు. కాబట్టి డిగ్రీలో దానిని ఎంచుకునే విద్యార్థి చాలా సందర్భాలలో తానెన్నడూ చదవని విషయాన్ని ఎంచుకుంటున్నాడు. బడిలోని సాంఘిక శాస్త్రం సులభంగా ఉన్నదనో, సమాజసేవ మీద ఇష్టమున్నదనో చేరినవారికి మొదటి సెమిస్టరులోనే నిరాశ ఎదురుకావడానికి ఇదొక కారణం.

3. శాస్త్రం అడిగే ప్రశ్న:
సమాజశాస్త్రం ప్రత్యేకత దాని విషయంలో కంటే దాని ప్రశ్నలో ఎక్కువగా కనిపిస్తుంది. హనుమాన్ జంక్షన్ పరిసరాలలో సుపరిచితమైన కౌలు వ్యవస్థను తీసుకుంటే ఈ భేదం స్పష్టమవుతుంది. చరిత్రకారుడు 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట వల్ల కాలువ నీరు అంది, భూమి విలువ ఎట్లా మారిందో పరిశీలిస్తాడు. అర్థశాస్త్రవేత్త కౌలు మొత్తాన్ని, దిగుబడిని, పెట్టుబడిని లెక్కిస్తాడు. రాజనీతిశాస్త్రజ్ఞుడు 2011 నాటి అధీకృత సాగుదారుల చట్టాన్ని, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టాన్ని విశ్లేషిస్తాడు. చట్టాలున్నా కౌలు ఒప్పందం నోటిమాటగానే ఎందుకు సాగుతున్నదన్నది సమాజశాస్త్రవేత్త ప్రశ్న. 2019 చట్టం ప్రకారం సాగుదారు పత్రానికి భూయజమాని అంగీకారం కావాలి. ఆ సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం దక్కదేమోనన్న కౌలుదారు భయం, సంతకం చేస్తే భూమి మీద హక్కు పోతుందేమోనన్న యజమాని అనుమానం, ఇద్దరి మధ్య ఉన్న కుల, బంధుత్వ, రుణ సంబంధాలు ఆ ప్రశ్నకు సమాధానంలో భాగాలు.

ఇంజనీరింగ్ మీద ఈ ప్రాంతపు మక్కువ కూడా ఇటువంటి ప్రశ్నకు లోబడే విషయమే. కోస్తా ఆంధ్రలో వ్యవసాయ మిగులు పట్టణ వ్యాపారాలలోకి ప్రవహించిన తీరును కెరల్ ఉపాధ్య 1988లో వివరించారు. తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల విదేశీ వలసకూ, వరకట్నానికీ ఉన్న సంబంధాన్ని చైనాలో జన్మించిన పరిశోధకుడు షియాంగ్ బియావ్ 2007 నాటి గ్రంథంలో చర్చించారు. ఏ చదువు చదవాలన్న ఇంటి నిర్ణయంలో పొలం, పెళ్ళి, వలస ముడిపడి ఉంటాయని ఈ అధ్యయనాలు గుర్తుచేస్తాయి.

4. శాస్త్రం కోరే శ్రమ:
ప్రశ్న ఆకర్షణీయంగా ఉన్నంత మాత్రాన సమాధానం సులభంగా దొరకదు. తెలుగు సాహిత్య విద్యార్థులకు పరిచితమైన ఒక ఆధారం ఇక్కడ ప్రస్తావించదగింది. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' తొలి కూర్పు ముందుమాటలో గురజాడ అప్పారావు ఒక జాబితాను పేర్కొన్నారు. విశాఖపట్టణం జిల్లా సాధారణ బ్రాహ్మణ కుటుంబాలలో మూడేళ్ళలో జరిగిన శుల్క వివాహాలను విజయనగరం మహారాజు నమోదు చేయించగా, వాటి సంఖ్య 1034కు చేరింది. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడానికి సంబంధీకులు ఇష్టపడరు కనుక ఆ జాబితా సమగ్రం కాదని కూడా గురజాడ గుర్తించారు. ఆ మాటలో క్షేత్రపరిశోధనలోని మౌలిక సమస్య ఉంది. లోకమంతటికీ తెలిసిన ఆచారమే అయినా, అడిగినప్పుడు ఎవరూ చెప్పరు.

అదే 1897లో ఫ్రాన్సులో ఎమిల్ డర్క్‌హైమ్ ఆత్మహత్యల మీద గ్రంథం ప్రకటించారు. పూర్తిగా వ్యక్తిగతంగా కనిపించే చర్యలో సమాజం పాత్రను ఆయన గణాంకాల ద్వారా చూపదలచారు. గురజాడ తన సమాచారాన్ని నాటకంగా మలిచారు. డర్క్‌హైమ్ తన సమాచారాన్ని సిద్ధాంతంగా మలిచారు. సమాజశాస్త్ర విద్యార్థి నడవవలసింది రెండవ దారి. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చిన దేశంలో కట్నం గురించి, నోటిమాట కౌలు గురించి సొంత ఊరిలో, సొంత బంధువులను అడగవలసి వచ్చినప్పుడు, ముందే తీర్పు చెప్పకుండా వినగలగాలి. విన్నదానిని అట్లాగే నమ్మకుండా ఉండగలగాలి.

5. అవకాశాలు - పరిమితులు:
ఈ ప్రాంతపు విద్యార్థికి పి.జి. స్థాయిలో ఆచార్య నాగార్జున, ఆంధ్ర విశ్వవిద్యాలయాలలో, హైదరాబాదులోని విశ్వవిద్యాలయాలలో సమాజశాస్త్రం అందుబాటులో ఉంది. సివిల్ సర్వీసుల మెయిన్ పరీక్షలో ఇది 500 మార్కుల ఐచ్ఛికాంశం. అధ్యాపకవృత్తికి, పరిశోధనకు యు.జి.సి. నెట్ ద్వారా మార్గముంది. అయితే ఇంజనీరింగ్‌లో వలె డిగ్రీ ముగియగానే దాని పేరుతోనే పిలిచే ఉద్యోగం ఇక్కడ లేదు. పాఠశాల ఉపాధ్యాయ పదవిని ఆశించేవారు బి.ఇడి. ప్రవేశానికీ, డి.ఎస్సీ.కీ డిగ్రీలో ఏ విషయాలను అర్హతగా పరిగణిస్తారో చేరకముందే చదవాలి. తొలి తరం విద్యార్థికి, ముఖ్యంగా డిగ్రీ పూర్తికాగానే పెళ్ళి మాట ఎదుర్కొనే అమ్మాయికి, పి.జి. వరకు చదివితేనే ఫలితమిచ్చే విషయాన్ని ఎంచుకోవడం చిన్న సాహసం కాదు.

భాష రెండవ పరిమితి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలను అందించినప్పటికీ, మూల సిద్ధాంత గ్రంథాలు అధికంగా ఆంగ్లంలోనే ఉన్నాయి. శామీర్‌పేట గ్రామాన్ని పరిశీలించి ఎస్.సి. దూబే 1955లో ప్రకటించిన ప్రసిద్ధ గ్రంథం కూడా ఆంగ్ల రచనే. తెలుగులో అడిగి, తెలుగులో విని, ఆంగ్లంలో చదివి రాయవలసిన ఈ జమిలి శ్రమకు విద్యార్థి సిద్ధపడాలి.

6. నిర్ణయానికి ప్రాతిపదికలు:
పై పరిశీలన నుంచి నాలుగు ప్రశ్నలు తేలుతున్నాయి.
1. చుట్టూ ఉన్న ఆచారం 'ఇంతే' అనిపిస్తున్నదా, 'ఎందుకిట్లా' అనిపిస్తున్నదా?
2. తన కులం, కుటుంబం, ఊరు కూడా పరిశీలనకు అతీతం కావని అంగీకరించగలరా?
3. గణాంకాలనూ, ఆంగ్ల గ్రంథాలనూ ఓపికగా చదవగలరా?
4. పి.జి. వరకు చదువును నిలబెట్టే ఆర్థిక, కుటుంబ మద్దతు ఉన్నదా?

మొదటి మూడింటికి అవునని, నాల్గవదానికి సందేహమని జవాబు వచ్చినప్పుడు ఉపాధికి దగ్గరగా ఉన్న ప్రధానాంశాన్ని తీసుకొని, సమాజశాస్త్రాన్ని ఉపాంశంగా చదవడం ఓటమి కాదు. మొదటి రెండింటికే కాదని జవాబు వస్తే, సీటు సులభంగా దొరికినా చేరకపోవడం మేలు.

7. ముగింపు:
సమాజశాస్త్రం మిగిలిపోయినవారి చదువు అనే అభిప్రాయం ఆ శాస్త్రానికీ, విద్యార్థికీ సమానంగా నష్టం చేస్తోంది. ఇష్టం లేక చేరినవారితో తరగతులు నిండుతుండగా, తగినవారు దాని పేరే వినకుండా వేరే దారిన పోతున్నారు. డిగ్రీ ప్రవేశాల ముందు ఇంటర్మీడియట్ విద్యార్థులకు ఒక్క కౌలు ఒప్పందాన్నో, ఒక్క పెళ్ళి ఖర్చునో ఉదాహరణగా తీసుకొని ఈ శాస్త్రం ఏమి అడుగుతుందో చూపించగల అధ్యాపకులు అవసరం. నిర్ణయం విద్యార్థిదే; ఆ నిర్ణయానికి కావలసిన పరిచయం కల్పించడం మాత్రం కళాశాల బాధ్యత.